ఇద్దరే ఆడే డ్యూస్ టు సెవెన్ ట్రిపుల్ డ్రాలో చివరి డ్రాకి ముందు జాకీ ఉంచాలా, పారెయ్యాలా?

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇదీ. హాస్టల్లో రూమ్మేట్‌తో ఇద్దరే కూర్చుని డ్యూస్ టు సెవెన్ ట్రిపుల్ డ్రా (తక్కువ ముక్కలున్నవాడు గెలిచే ఒక రకం పోకర్) ఆడుతున్నారు, లిమిట్ బెట్టింగు (ప్రతి బెట్టూ ముందే అనుకున్నంతే), డబ్బుల్లేవు, చింతపిక్కలే. చివరి డ్రాకి (ముక్కలు మార్చుకునే వంతుకి) ముందు ఇతని చేతిలో జాకీ-8-6-3-2 ఉంది, అవతలివాడు ఒక్క ముక్క మార్చుకుంటున్నాడు. జాకీ పారేసి ఇంకోటి తియ్యాలా, ఉన్నదాంతో ఆగిపోవాలా అని. రెండో ప్రశ్న, ఆ రూమ్మేట్ అప్పుడప్పుడు ఏ ముక్కా మార్చకుండా చెత్త పెట్టుకుని కూర్చుని వరసగా బెట్లు కడుతున్నాడు, అది ఎలా పట్టుకోవాలి అని.

ముందు జవాబు చెప్పేస్తాను తమ్ముడూ. చివరి డ్రా, వాడు ఒక్క ముక్క మారుస్తున్నాడు అంటే: పది ఉంటే ఆగు, జాకీ ఉన్నా ఆగు, రాణి ఉంటే పారెయ్. ఇంకా రెండు డ్రాలు మిగిలి ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు, అక్కడ జాకీ, పది రెండూ పారెయ్యాల్సినవే. ఎందుకో కింద రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ఆట తెలియని వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కల్లో రూల్స్. ఐదు ముక్కలు పంచుతారు, మూడుసార్లు మార్చుకోవచ్చు, నాలుగుసార్లు బెట్టింగు, మొదటి రెండింట్లో చిన్న బెట్టు, తర్వాత రెండింట్లో డబుల్. చివర్లో ఎవరి హ్యాండ్ (చేతిలోని ఐదు ముక్కలు) తక్కువైతే వాళ్ళది పాట్ (మధ్యలో పోగైన బెట్లన్నీ). ఆసు పెద్ద ముక్క, జత పడినా, సీక్వెన్స్ వచ్చినా, ఐదూ ఒకే గుర్తు ముక్కలు వచ్చినా నష్టమే. అందుకే అన్నిటికంటే మంచి హ్యాండ్ 7-5-4-3-2. ఏడుతో మొదలయ్యే హ్యాండ్లు మొత్తం నాలుగే, 7-5-4-3-2, 7-6-4-3-2, 7-6-5-3-2, 7-6-5-4-2, అంతే. ఎనిమిదితో మొదలయ్యేవి 14. ఈ 18 హ్యాండ్లలో 2 లేనివి నాలుగంటే నాలుగు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకో, కింద మీ రూమ్మేట్ బెదిరింపు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

సరే, జాకీ సంగతి. అవతలివాడి దగ్గర గట్టి డ్రానే (ఇంకొక్క ముక్క కోసం చూసే నాలుగు ముక్కలు) ఉందనుకుందాం, 7-4-3-2. నీ దగ్గర జాకీ-8-6-3-2. మీ ఇద్దరి చేతుల్లోవి తీసేస్తే కనపడని ముక్కలు 43. వాడికి పనికొచ్చేవి ఏంటో లెక్కపెట్టు. 5లు నాలుగు, 6లు మూడు (ఒకటి నీ దగ్గరుంది), 8లు మూడు, 9లు నాలుగు, పదులు నాలుగు, జాకీలు మూడు. జాకీ ఎందుకు లెక్కలోకొచ్చిందంటే వాడిది జాకీ-7 అవుతుంది, నీది జాకీ-8, వాడే గెలుస్తాడు. మొత్తం 21. అంటే 43లో 21 వాడివి, 22 నీవి. ఆగితే నీకు 51 శాతం.

జాకీ పారేస్తే? నీ 8-6-3-2 కి ఒక ముక్క, వాడి 7-4-3-2 కి ఒక ముక్క. నేను ఇది కాగితం మీద ఒక్కో ముక్కకీ వేసి చూశాను, నీ వాటా 46 శాతం దగ్గర తేలుతుంది. వాడి డ్రా నీ డ్రా కంటే మంచిది, ఇద్దరూ తీస్తే ఆ తేడా నీ మీద పడుతుంది. 51 వదులుకుని 46 కి ఎందుకు పోవడం?

ఇదే పద్ధతిలో రాణి చూడు. రాణి-8-6-3-2 పట్టుకుని ఆగితే వాడికి పై ముక్కలతో పాటు జాకీలు నాలుగూ, రాణులు మూడూ పనికొస్తాయి, మొత్తం 25. నీకు మిగిలేది 42 శాతం. పారేస్తే 46. కాబట్టి పారెయ్. పది ఉంటే వాడికి 17 ముక్కలే, నీకు 60 శాతం, అక్కడ ఆలోచించడానికేం లేదు. గీత జాకీకీ రాణికీ మధ్య పడుతుంది, నేను పాతికేళ్ళ కుర్రాళ్ళకి నేర్పినా మా పెదనాన్న వయసువాళ్ళకి నేర్పినా మొదట చెప్పేది ఇదే.

వాడి డ్రా ఇంకో రకంగా ఉంటే జాకీ ఇంకా బలపడుతుంది. వాడిది 5-4-3-2 అనుకో, చూడ్డానికి 7-4-3-2 కంటే ముద్దుగా ఉంటుంది, కానీ 6 వస్తే సీక్వెన్స్ అయిపోయి చచ్చిపోతాడు. నీ జాకీ-8 మీద వాడికి 18 ముక్కలే మిగులుతాయి, 42 శాతం. అందుకే 6-5-4-3 లాంటి డ్రా చూసి మురిసిపోకు, దానికి 2 వచ్చినా సీక్వెన్సే 7 వచ్చినా సీక్వెన్సే, ఇక దానికి 8 ఒక్కటే దిక్కు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోనిది, నాకు మాత్రం ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైనది. నువ్వు పారేసిన ముక్కలు గుర్తుంచుకో. రమ్మీలో అవతలివాడు పారేసింది కళ్ళముందే పడుతుంది, ఇక్కడ బోర్లా పడుతుంది, వాడిది నీకు తెలీదు, నీది వాడికి తెలీదు. కాబట్టి నీ దగ్గరున్న రహస్యం అదొక్కటే. రెండు సందర్భాలు రాస్తాను, రెండింట్లోనూ చివర్లో నీ చేతిలో ఉన్నది అదే జాకీ-8-6-3-2.

మొదటిది. నీకు పంచినవి 2-3-6-6-రాజు. ఒక 6, రాజు పారేశావు, రెండు 8లు వచ్చాయి. ఒక 8 పారేశావు, జాకీ వచ్చింది. నువ్వు పారేసినవి 6, 8, రాజు. వాడికి కావాల్సిన 6 ఒకటీ 8 ఒకటీ ఇక పేకలో లేవు. మిగిలిన 40 ముక్కల్లో వాడికి పనికొచ్చేవి 19. నీకు 52.5 శాతం.

రెండోది. పంచినవి 2-3-6-రాణి-రాజు. రాణి, రాజు పారేశావు, 8, 3 వచ్చాయి. జతైన 3 పారేశావు, జాకీ వచ్చింది. పారేసినవి రాజు, రాణి, 3. మూడూ వాడికి పనికిరాని ముక్కలే, నువ్వే వాడి దారిలోంచి చెత్త తీసిపెట్టావు. 40లో 21 వాడివి, నీకు 47.5 శాతం. చేతిలో అవే ముక్కలు, ఐదు శాతం తేడా. మొదటి సందర్భంలో ధీమాగా ఆగు. రెండోదాంట్లో కూడా నేను ఆగుతాను, కానీ అక్కడ ఆగినా పారేసినా పెద్ద తేడా ఉండదు, వాడు ఎప్పుడూ మంచి డ్రాలే పట్టుకునే రకం అని తెలిస్తే పారేసినా తప్పులేదు.

మా పర్లాకిమిడిలో శివరాత్రికి ఊళ్ళో చాలామంది మహేంద్రగిరి ఎక్కడానికి పోతారు, ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళు జాగారం పేకతో చేస్తారు. రమ్మీ బాగా ఆడేవాళ్ళని కూర్చోబెట్టి ఈ ఆట నేర్పినప్పుడల్లా ఒకటి చూస్తాను. పారేసిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం వాళ్ళకి చిటికెలో పట్టుబడుతుంది, కానీ చేతిలో జాకీయో రాణియో కనపడితే చాలు చెయ్యి దానంతటదే దాన్ని తీసి పారెయ్యడానికి పోతుంది. పెద్ద ముక్కలు పట్టుకుంటే కౌంట్ పడుతుందన్న భయం. ఇక్కడ కౌంట్ లేదు, ఇద్దరిలో ఎవరిది తక్కువ అన్నదొక్కటే. వాడి చేతిలో పూర్తి హ్యాండ్ లేనంతవరకూ నీ జాకీ పూర్తయిన హ్యాండే.

రెండు డ్రాలు మిగిలి ఉంటే. వాడికి రెండు అవకాశాలు. అదే జాకీ-8 పట్టుకుని రెండో డ్రాకే ఆగిపోతే వాడు రెండుసార్లూ తప్పాలి, అది నాలుగింట ఒకసారే జరుగుతుంది. పది-8-6-3-2 తో ఆగినా 36, 37 శాతం దగ్గరే. రెండూ పారెయ్. 9-8-6-3-2 అయితే 48 శాతం, ఇక్కడ నేను ఎక్కువగా ఆగుతాను, ఎందుకంటే పారేస్తే నాకొచ్చే డ్రా వాడి 7-4-3-2 కంటే మోటుది. 8-6-5-3-2 ఉంటే 74 శాతం, ఆగి బెట్ కట్టుకుంటూ పోవడమే. ఇవన్నీ వాడు ఒక్క ముక్క మారుస్తున్నప్పటి లెక్కలు, రెండు ముక్కలు మారుస్తున్నాడంటే నీ పరిస్థితి చాలా మెరుగు. చివరి డ్రాలో వాడు 7-3-2 కి రెండు తీస్తుంటే నీ జాకీ-8-6-3-2 నాలుగింట మూడుసార్లు గెలుస్తుంది.

ఇంతవరకూ లెక్కలు. కానీ ఇద్దరి ఆటలో లెక్క కంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది, ఎవరు తర్వాత ముక్కలు మార్చుకుంటారు అన్నది. ఇద్దరే ఉన్నప్పుడు పంచినవాడు చిన్న బ్లైండ్, రెండోవాడు బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే కట్టాల్సిన బెట్టు) కడతారు, పంచినవాడి సంగతి చూస్తే ముక్కలు మార్చకముందు జరిగే బెట్టింగులో వాడు ముందు మాట్లాడతాడు, ఆ తర్వాత అన్నిట్లోనూ వాడిదే ఆఖరి మాట. మార్చుకోవడం కూడా తర్వాతే. అంటే అవతలివాడు ఎన్ని తీశాడో చూసి నువ్వు నిర్ణయం తీసుకోవచ్చు. నువ్వు అడిగిన హ్యాండ్‌లో నువ్వు పంచినవాడివా కాదా అన్నది రాయలేదు. పంచినవాడివైతే వాడు ఒకటి తియ్యడం కళ్ళారా చూశావు, నిశ్చింతగా ఆగు. కాకపోతే నువ్వే ముందు చెప్పాలి, వాడు ఈసారి ఒకటి తీస్తాడో అసలు తియ్యడో నీకు తెలీదు. కిందటి డ్రా తర్వాత వాడు రైజ్ చేసి (బెట్టు పెంచి) ఉంటే వాడికి హ్యాండ్ కుదిరిపోయిందేమో అని అనుమానించాలి, అప్పుడు జాకీ పారేసి 8-6-3-2 కి తీసుకో. ఊరికే కాల్ చేసి (నీ బెట్టుకి సమానంగా కట్టి) ఉంటే ఆగు.

మా బావ మర్చంట్ నేవీ మనిషి, మాకు ఈ ఆట తెచ్చిపెట్టింది ఆయనే. ఒకసారి గుణుపురం ప్యాసింజర్‌లో ఒళ్ళో తువ్వాలు పరిచి ఆడుతున్నాం, పంచింది నేను. రెండో డ్రాకి ఆయన ఒకటి తీశాడు, నేను 9-8-5-3-2 తో ఆగాను. ఆయన చెక్ (ఇప్పుడు బెట్ కట్టను) అన్నాడు, నేను బెట్ కట్టాను, కాల్ చేశాడు. మూడో డ్రా. ఆయన ముక్కల్ని ఒకసారి సర్దుకుని ఆగుతున్నా అన్నాడు. అప్పటికే నేను ఆగి ఉన్నానని ఆయనకి తెలుసు, బెట్ కట్టానని తెలుసు, అయినా ఆగాడంటే ఆయన దగ్గర నా లాంటి మోటు తొమ్మిదిని కొట్టేదేదో ఉంది, బావ పదితో అలా ఆగే మనిషి కాదు. 9 తీసి పారేశాను, 4 వచ్చింది, 8-5-4-3-2. ఆయనది 8-7-5-4-2. నేను ముందు ఆగాల్సిన సీట్లో ఉంటే ఆ తొమ్మిదితోనే ఓడిపోయేవాణ్ణి. ఆ 4 రావడం నా అదృష్టం, చాలాసార్లు రాదు, కానీ పారెయ్యాలని తెలియడం మాత్రం ఆ సీటు ఇచ్చింది.

అందుకే పంచినప్పుడు ఎక్కువ హ్యాండ్లు ఆడు, రైజ్ చేస్తూ ఆడు, 2 ఉండి ఇంకో రెండు చిన్న ముక్కలుంటే కచ్చితంగా, 2-3, 2-4, 2-7 మాత్రమే ఉండి మూడు తియ్యాల్సి వచ్చినా సరే. బిగ్ బ్లైండ్‌లో ఉన్నప్పుడు వాడి రైజ్‌కి ఇంకో బెట్టు వేస్తే చాలు, పాట్‌లో దానికి మూడింతలు ఉంటుంది కాబట్టి అక్కడా తొందరపడి పడెయ్యకు, కానీ 2 లేకుండా మూడు ముక్కలు తీసే హ్యాండ్లు మాత్రం వదిలెయ్.

జాకీతో ఆగాక బెట్టింగు ఎలా అన్నది నువ్వు అడగలేదు కానీ అక్కడే పిక్కలు పోతాయి. మీ లెక్కలో చిన్న బెట్టు 2, పెద్ద బెట్టు 4 అనుకుందాం. మొదట్లో రైజ్, కాల్ తో 8. మొదటి డ్రా తర్వాత చెరో 2, మొత్తం 12. రెండో డ్రా తర్వాత చెరో 4, మొత్తం 20. చివర్లో వాడు 4 కట్టాడు, 24 అయింది, నువ్వు 4 పెడితే చాలు. అంటే ఏడుసార్లలో ఒక్కసారి గెలిచినా నీ పిక్కలు నీకొచ్చేస్తాయి. జాకీతో నువ్వు బెట్ కట్టొద్దు, వాడు కడితే కాల్ చెయ్యి. ఎందుకొద్దంటే, నువ్వు కడితే వాడు మంచిదొచ్చినప్పుడే కాల్ చేస్తాడు, జత పడినప్పుడు పడేస్తాడు, నీకు మిగిలేదేం లేదు. తొమ్మిదో అంతకంటే మంచిదో ఉంటే మాత్రం కట్టాల్సిందే, చెక్ చేసి కూర్చుంటే రావాల్సిన బెట్టు వదులుకున్నట్టే.

మధ్యలో ఒక మాట, చింతపిక్కలతోనే ఆడండి. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది, బోర్డర్ దాటి ఆంధ్రాకి వస్తే అక్కడ 2020లో చట్టం మార్చారు, తెలంగాణలో 2017లోనే మార్చారు, 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు దేశమంతా నిషేధం, నైపుణ్యం ఆటైనా సరే. పేకాట పేరుతో పొలాలు పోగొట్టుకున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి, నాకు ఈ ఆట మీద ఎంత ప్రేమ ఉందో దాంట్లో డబ్బు పెట్టడం మీద అంత భయం ఉంది. లోబాల్‌లో (ఇలా తక్కువ హ్యాండ్ గెలిచే ఆటల్లో) నైపుణ్యం నిజమే, అమెరికాలో బిల్లీ బాక్స్‌టర్ అనే ఆయన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల్లో ఏడు బ్రేస్‌లెట్లు (గెలిచినవాళ్ళకిచ్చే బహుమతి) గెలిస్తే ఏడూ లోబాల్ ఆటల్లోనే, అయినా ఆ దేశం వేరు మన సంగతి వేరు.

ఇక రూమ్మేట్ స్నో సంగతి. చెత్త పట్టుకుని ఏమీ మార్చకుండా కూర్చుని బెదిరించడాన్ని స్నో అంటారు. అది పిచ్చితనం కాదు తమ్ముడూ, సరైన ముక్కలతో చేస్తే మంచి ఎత్తు. వాడికి 2-2-2-7-7 వచ్చిందనుకో, గెలిచే హ్యాండ్ కాదు, కానీ మూడు 2లు వాడి దగ్గరే ఉంటే నీకు మంచి హ్యాండ్ కుదరడం కష్టం. పైన చెప్పాను చూడు, 18 మంచి హ్యాండ్లలో 14 కి 2 కావాలి. అది వాడికి తెలుసు, అందుకే ఆగి కూర్చుంటాడు.

ఇదే లెక్క నువ్వు తిప్పి వాడుకో. వాడు రెండో మూడో ముక్కలు తీసి ఉన్నట్టుండి ఆగిపోయాడు. నీ చేతిలో ఒక 2, నువ్వు పారేసినవాటిలో ఇంకో రెండు 2లు. అంటే వాడికి మిగిలింది ఒక్క 2. అలాంటప్పుడు వాడి దగ్గర నిజంగా ఏడో ఎనిమిదో ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది, మోటు తొమ్మిదో పదో అయ్యుండాలి, లేదా స్నో. అక్కడ నీ తొమ్మిదిని, పదిని పారెయ్యకు, ఆగి కాల్ చెయ్యి. అదే నీకు 2లే కనపడకుండా రాజులూ రాణులే వచ్చి పోయి ఉంటే వాడు ఆగడాన్ని నమ్ము.

వాడి వైపు లెక్క కూడా చూడు. 20 ఉన్న పాట్ కోసం 4 పెడుతున్నాడు, ఆరుసార్లలో ఒకసారి నువ్వు పడేస్తే వాడికి గిట్టుబాటు. అంటే చివరి బెట్టుకి నువ్వు తరచూ పడేసే మనిషివైతే వాడు రోజూ స్నో చేస్తాడు, చెయ్యకపోతేనే వింత. నీ చివరి ముక్క ఏదొచ్చినా పది, జాకీ అయితే కాల్ చెయ్యి, 2లు నువ్వు ఎక్కువ చూసి ఉంటే రాణితో కూడా చెయ్యి. వాడు రెండు జతలతో స్నో చేసేవాడని నీకు ఇప్పటికే తెలిస్తే నీకు పడిన చిన్న జత కూడా వాడిని కొడుతుంది, రెండు జతల కంటే ఒక జత తక్కువే కదా. కానీ అది వాడు షో చేసిన హ్యాండ్లు నువ్వు చూసి ఉంటేనే, లేకపోతే జతతో కాల్ చెయ్యకు.

ఇంకొకటి, వాడు స్నో మొదలుపెట్టేది ఎక్కువగా పంచినప్పుడా, బిగ్ బ్లైండ్‌లోనా చూసి రాయి. పంచినప్పుడైతే నువ్వు ఎన్ని తీశావో చూసి చేస్తున్నాడన్నమాట, నువ్వు రెండు తీసిన ప్రతిసారీ ఆగిపోతున్నాడేమో గమనించు. ఆ రెండూ, అడిగిన హ్యాండ్‌లో ఎవరు పంచారన్నదీ రాస్తే మిగతాది దాన్నిబట్టి చెప్తాను.